రాజు ఒక్కసారి దూకొచ్చా?

బస్సు డిపోలో బ్రేకుల మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. ఎవరికైనా తెలియకపోతే ఆయనే కూర్చోబెట్టి తెలియజేసేవాడు. చదివింది ఊరి బడిలో అయిదో తరగతి. అయితేనేం, ఆయన చెయ్యి పడకుండా ఆ డిపో గేటు దాటిన బస్సు లేదు. వాలులో జారిపోతున్న బండిని చక్రం కింద దిమ్మ తోసి ఆపిన మనిషి ఆయన. గాలి బ్రేకులు కొత్తగా వచ్చినప్పుడు అందరికంటే ముందు నేర్చుకుని, మిగతా షెడ్డుకంతా నేర్పిన మనిషీ ఆయనే. ఆయన దగ్గర స్పానరు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇవాళ ఎక్కడెక్కడి డిపోల్లోనో మేస్త్రీలై కూర్చున్నారు. ఉద్యోగం దిగిపోయిన రోజు షెడ్డు మొత్తం చేతులు తుడుచుకుని గేటు దాకా నడిచొచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, చదరంగం ఒక ఎత్తు. ఆ డిపోలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఒక్క ఆట కూడా ఓడలేదు. ఈ మాట ఆయన నోట విననివాడు లేడు. రెండోసారి వినకుండా తప్పించుకున్నవాడూ లేడు.

డిపో చదరంగం దుకాణంలో కొన్నది కాదు. పెద్ద పనిముట్ల పెట్టె మూత మీద పెయింటరు నలుపూ తెలుపూ గళ్ళు కొట్టాడు. చిన్న నట్లు బంట్లు. పెద్ద నట్లు ఏనుగులు. వంకర తిరిగిన స్ప్రింగు ముక్కలు గుర్రాలు. పొడుగు బోల్టులు ఒంటెలు. మంత్రి ఒక బేరింగు. రాజు మాత్రం ఇంజను వాల్వు, బోర్లించి తల మీద నిలబెడితే నిటారుగా, నిజంగానే రాజులా నిలబడేది. ఆ వాల్వు మెడలో ఒక వాషరు ఉండేది. అది అలంకారం కాదు. డిపో ఆటలో రాజుకి ఒక హక్కు ఉంది: తనకి చెక్ పడినప్పుడు ఆటలో ఒకే ఒక్కసారి గుర్రంలా గంతేసి తప్పించుకోవచ్చు. గంతు వాడుకోగానే పెట్టె మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, వాషరు తీసి పక్కన పడేయాలి. ఇంకా వాషరుందంటే గంతు మిగిలి ఉన్నట్టు. మేస్త్రి గొప్పతనమంతా ఆ గంతులోనే ఉండేది. ఎదుటివాడు రాజును మూలకు తరిమి, అయిపోయిందిరా అనుకుని టీ గ్లాసు అందుకునే వేళకి, టప్పుమని పెట్టె మోగేది. వాల్వు ఎక్కడో నడిబొడ్డున తేలేది.

ఇప్పుడు ఆ ఆటకి పెద్ద సందర్భం వచ్చింది. పేట లైబ్రరీ హాల్లో ఆదివారం పోటీ. ఇటు డిపోలో పని చేసి దిగిపోయినవాళ్ళు, అటు ఇనుప ఫౌండ్రీలో పని చేసి దిగిపోయినవాళ్ళు. డిపో తరఫున మొదటి బల్ల దగ్గర కూర్చునేది ఇంకెవరు? ఎవరూ అడగలేదు, ఆయనా అడగనివ్వలేదు. వెళ్ళడం, గెలవడం, వచ్చి చెప్పుకోవడం. అంతే అనుకున్నాడు.

అనుకున్నది సోమవారం సాయంత్రం దాకానే సాగింది.

ఆ నెల ఇంట్లో వియ్యపురాలు ఉంది. కోడలి తల్లి. మోకాలి ఆపరేషను చేయించుకుని, కూతురి దగ్గర కోలుకుంటోంది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి కాబట్టి తన మాత్రలు తనే వేసుకునేది, తన కట్టు తనే చూసుకునేది, ఇంట్లోవాళ్ళందరి నాడీ కూడా పనిలో పనిగా చూసేది. కాలు స్టూలు మీద చాపుకుని ముందు గదిలో కూర్చుంటే, ఆ గదిలోకి వెళ్ళడానికి మేస్త్రి కూడా ఒకసారి చొక్కా సర్దుకునేవాడు.

ఆ రోజు మేస్త్రి, దిగిపోయిన రోజు డిపోవాళ్ళు తనకిచ్చేసిన ఆ పెట్టె మూతను కిటికీ దగ్గర పెట్టుకుని ఒక్కడే సాధన చేస్తుంటే ఆవిడ అడిగింది.

"అన్నయ్యగారూ, ఒక ఆట వేద్దామా?"

"నీకు వచ్చా చెల్లెమ్మా?"

"ఏదో, నర్సుల హాస్టల్లో ఆడేవాళ్ళం."

మేస్త్రి జాలిపడ్డాడు. జాలిపడుతూనే భార్యను కేకేశాడు. "ఇదిగో, వచ్చి చూడు, వియ్యపురాలికి ఆట చూపిస్తున్నా."

"చూడ్డానికేముందండీ, ఎప్పుడూ చూసే బోల్టులేగా," అంది ఆవిడ వంటగదిలోంచి.

ఏది ఏమిటో తెలుసుకోవడానికి వియ్యపురాలికి కాస్త టైము పట్టింది. బేరింగును వేలితో తిప్పి చూసి, "మంత్రి బాగా తిరుగుతున్నాడు," అంది. తర్వాత ఆట మీదికి వంగింది. ఎత్తు మీద ఎత్తు వేసుకుంటూ వచ్చి, ఏనుగును తెచ్చి మేస్త్రి రాజు వరసలో నిలబెట్టి, "చెక్" అంది నెమ్మదిగా, జ్వరం ఎంతుందో చెప్పినట్టు.

మేస్త్రి నవ్వాడు. మూత మీద టప్పున కొట్టాడు. వాల్వును ఎత్తి గుర్రంలా దూకించి, వాషరు తీసి పక్కన పెట్టాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీ రాజు ఏం చేశాడు?"

"దూకాడు."

"రాజు దూకడమేంటి?"

"ఒక్కసారే చెల్లెమ్మా. చూడు, వాషరు తీసేశాగా."

"రాజు దూకడండీ. ఏ పక్కకైనా ఒక్క గడి జరుగుతాడు. నిలువుగా, అడ్డంగా, మూలగా, ఎటైనా సరే, ఒక్క గడే. అదీ శత్రువు గురి పెట్టిన గడిలోకి వెళ్ళకూడదు."

"అది మామూలప్పుడు. చెక్ పడ్డప్పుడు..."

"చెక్ పడ్డప్పుడు దారులు మూడే. రాజు పక్కకి తప్పుకోవాలి. లేదా మధ్యలో ఎవరినైనా అడ్డం పెట్టాలి. లేదా చెక్ ఇచ్చినవాణ్ణి చంపాలి. ఈ మూడింట్లో ఏదీ కుదరకపోతే ఆట కట్టు. మా సూపరింటెండెంటమ్మ పోటీలకి వెళ్ళి కప్పులు తెచ్చేది. ఆవిడ చెప్పిన మొదటి పాఠం ఇదే."

"మూడే?" అన్నాడు మేస్త్రి.

"మూడే."

"నాలుగోది?"

"లేదండీ."

గుమ్మం దగ్గర గరిటెతో నిలబడ్డ భార్య మొగుడి ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన వాషరు చేతిలోకి తీసుకుని దాని చిల్లులోంచి చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా గెలిచిన ఆటలన్నీ ఆ చిల్లులోంచి ఒక్కొక్కటే జారిపోతున్నట్టు అనిపించింది. గంతు లేకపోతే స్టోర్ కీపరు మీద గెలుపు లేదు. గంతు లేకపోతే హెడ్ మెకానిక్కు మీద గెలుపు లేదు. గంతు లేకపోతే తను ఎవరు? ఆదివారం మొదటి బల్ల దగ్గర కూర్చుని, అలవాటుగా టప్పుమని కొట్టి దూకిస్తే, హాలంతా నవ్వితే?

"లైబ్రరీలో ఏ రూలు పెడతారంటావు?" అని అడిగాడు చివరికి.

"ఇంకే రూలుంది అన్నయ్యగారూ? లోకంలో ఉన్నది ఒకటే."

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని డిపో ఎదురు టీ కొట్టుకు వెళ్ళాడు. ఆ టైముకి పెయింటరూ, టైర్ల సెక్షన్లో పనిచేసిన బావా అక్కడే ఉంటారు. అతను ఎవరికీ నిజం బావ కాదు గానీ డిపో మొత్తం అలాగే పిలిచేది.

"ఒరేయ్ పెయింటరూ, రాజు దూకే రూలు ఎవరు పెట్టార్రా?"

"ఎవరో పెట్టేదేముంది? రాజన్నాక దూకుతాడు."

"దూకడంట. మా వియ్యపురాలు చెప్పింది."

"మీ వియ్యపురాలు బ్రేకులు కూడా బిగిస్తుందేంట్రా?" అని పెయింటరు నవ్వాడు. ఎదుటివాడు నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు.

టైర్ల బావ గ్లాసు కింద పెట్టాడు. "మరిచిపోయావా ఏంటి? ఆ రూలు పెట్టింది నువ్వే."

"నేనా?"

"ఆఁ, నువ్వే. హెడ్ మెకానిక్కుతో ఆడుతున్నావు. నీ రాజు ఇరుక్కుపోయాడు. 'రాజు ఒక్కసారి దూకొచ్చు సార్' అన్నావు. ఆయనకి భోజనం బెల్లు కొట్టేస్తారని తొందర. 'సర్లే దూకించుకో' అన్నాడు. అప్పట్నుంచీ అదే రూలయింది."

"అబద్ధం," అన్నాడు పెయింటరు. "హెడ్ మెకానిక్కే పెట్టాడు. వాళ్ళ నాన్న ఆడేవాడట అలాగ. ఆయన చెప్తుంటే నేను పక్కనే ఉన్నా, మూతకి రంగేస్తూ."

"నువ్వు రంగేసినప్పుడు హెడ్ మెకానిక్కు ఈ డిపోకే రాలేదు!"

"రాకపోతే నా బ్రష్షు ఎత్తుకుపోయింది ఎవడు?"

ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. మేస్త్రి మాత్రం ఎటూ కాకుండా మధ్యలో నిలబడిపోయాడు. హెడ్ మెకానిక్కును అడుగుదామంటే పోయి ఏళ్ళయింది. తనను తను అడుగుదామంటే గుర్తు రావడం లేదు. ఎంత గింజుకున్నా ఒక్కటే గుర్తొచ్చింది. ఆ వాషరును ఆకురాయితో రాసి వాల్వు మెడకి సరిపోయేలా చేసింది తనే. కానీ తను పెట్టిన రూలు కోసం చేశాడా, ఎవరో పెట్టిన రూలు కోసం చేశాడా? అదే తెలియలేదు. తెలియకపోయేసరికి, తను ఇన్నేళ్ళూ గెలిచినట్టా, ఇన్నేళ్ళూ అందరినీ ఏమార్చినట్టా అన్నదీ తెలియలేదు.

"పోనీ నువ్వు రెండో బల్ల దగ్గర కూర్చో, నేను మొదటిది చూసుకుంటా," అన్నాడు టైర్ల బావ.

"నోర్మూసుకో," అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాటకీ ఆయనకి తడుముకోవాల్సిన పని లేకపోయింది.

ఇంటికొచ్చి వియ్యపురాలి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"నేర్పు చెల్లెమ్మా."

అంత పెద్ద మేస్త్రి, అంత పేరున్న మేస్త్రి, ఆ మాట అనడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ నవ్వలేదు. వాల్వును మధ్యలో ఒంటరిగా నిలబెట్టి, చుట్టూ చెక్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది.

"ఒంటె మూలగా చెక్ ఇచ్చింది. ఏం చేస్తారు?"

"అడ్డం పెడతా."

"పెట్టండి. బాగుంది. ఇప్పుడు ఏనుగు పక్కనే వచ్చి నిలబడి చెక్ ఇచ్చింది, దాని వెనక కాపలా లేదు. ఏం చేస్తారు?"

"చంపుతా. రాజుతోనే చంపుతా."

"భేష్. ఇప్పుడు గుర్రం చెక్. అడ్డం పెడతారా?"

"గుర్రానికి అడ్డమేంటి? అది మీద నుంచి దూకి వస్తుంది. తప్పుకోవాలి, లేకపోతే దాన్ని చంపాలి." ఇది డిపోలోనూ ఇంతే. మేస్త్రికి కాస్త ఊపిరి వచ్చింది. బ్రేకులు పోయిన బండితో పోల్చుకున్నాడు. బండిని పక్కకి తిప్పెయ్యొచ్చు, చక్రానికి దిమ్మ అడ్డం వెయ్యొచ్చు, ఇంజనునే ఆపెయ్యొచ్చు. మూడే. నిజమే, అక్కడా నాలుగోది లేదు.

"చూశారా, వచ్చేసింది," అంది వియ్యపురాలు. "ఇప్పుడు కోట కట్టడం నేర్పుతా."

"కోటేంటి?"

ఆవిడ రాజును ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి, ఏనుగును ఎత్తి రాజుకి అవతలి పక్కన పెట్టింది. "రాజూ ఏనుగూ అంతకుముందు కదలకుండా ఉంటే, మధ్యలో ఎవరూ లేకపోతే, ఒకే ఎత్తులో ఇలా చెయ్యొచ్చు. రాజుకి రక్షణ."

మేస్త్రి రాజును చూశాడు, ఏనుగును చూశాడు.

"రాజు ఒక్క గడే జరుగుతాడన్నావు."

"అవును."

"ఇప్పుడు రెండు జరిగాడు."

"ఇది వేరే."

"ఏనుగు ఎవరి మీదుగానూ దూకదు."

"దూకదు."

"ఇప్పుడు రాజు మీదుగానే దూకింది!"

"ఇది వేరే అన్నయ్యగారూ. ఒక్కసారే."

"మాదీ ఒక్కసారేగా!" అని మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది. "సరే. మరి చెక్ పడ్డప్పుడు ఈ కోట కట్టుకుని తప్పించుకోవచ్చా?"

"కూడదు. చెక్‌లో ఉన్నప్పుడు కోట కట్టకూడదు. గురి ఉన్న గడి మీదుగా వెళ్ళకూడదు కూడా."

"అంటే ఏ ఆపదా లేనప్పుడు దూకొచ్చు. ఆపద వచ్చాక దూకకూడదు."

"అంతేనండీ."

"ఎవరు తల్లీ పెట్టారు ఈ రూలు?"

వియ్యపురాలు స్టూలు మీద కాలు సర్దుకుంది. "మా సూపరింటెండెంటమ్మ చెప్పింది," అంది కాస్త తగ్గిన గొంతుతో.

ఆ వారమంతా ఆ ఇంట్లో చెక్‌లే. బుర్ర నేర్చుకున్నది చెయ్యి నేర్చుకోలేదు. చెక్ అనగానే ఆయన అరచెయ్యి గాల్లోకి లేచేది. "చెయ్యి!" అనేది వియ్యపురాలు, ఇంజెక్షనుకి బెదిరే రోగిని కసిరినట్టు. చెయ్యి దిగేది. చివరికి ఆవిడ వాల్వు మెడలో వాషరు తీయించేసింది. రాజు మెడ బోసిపోయి కనపడింది. అన్నం తింటూ మేస్త్రి ఒక్కోసారి ఆగిపోయి, కంచం అంచు మీద వేలితో గళ్ళు గీసి, తల అడ్డంగా ఊపేవాడు.

"ఏవండీ, మీరు ఆ పోటీకి వెళ్ళకపోతే ఏం?" అంది భార్య.

"వెళ్ళకపోతే ఓడినట్టు."

"వెళ్ళి ఓడితే?"

"ఓడితే ఇన్నాళ్ళూ గెలిచిందంతా ఆ వాషరే గెలిచినట్టు." అంతవరకూ ఎవరితోనూ అనని మాట అది. భార్యతో అనేసి మజ్జిగ గ్లాసు ఎత్తేశాడు.

ఆదివారం లైబ్రరీ హాల్లో పేపర్లు చదివే బల్లల్ని వరసగా జరిపారు. ప్లాస్టిక్ పావులు. మెడలో ఏమీ లేని రాజులు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే అమ్మాయే మధ్యవర్తి, బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. వియ్యపురాలు చేతికర్రతో వచ్చి, మాట్లాడనని మాటిచ్చి, గోడ పక్క కుర్చీలో కూర్చుంది.

మేస్త్రికి ఎదురుగా కూర్చున్నది ఫౌండ్రీలో అచ్చులు పోసిన మోల్డరు. ఎత్తైన మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

"డిపోలో మీరు ఓడలేదటగా?" అన్నాడు.

"ఒక్కటీ ఓడలేదు."

"ఫౌండ్రీలో నేనూ ఓడలేదు."

అక్కడితో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మర్యాద ఏర్పడింది.

ఆట మొదలైంది. మేస్త్రి ప్రతి ఎత్తుకీ ముందు లోలోపల మూడు దారులూ అప్పజెప్పుకున్నాడు. తప్పుకో, అడ్డం పెట్టు, చంపు. మధ్యలో ఒకసారి చెక్ పడింది. అరచెయ్యి లేవబోయింది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుని, రెండో చేత్తో ఒంటెను తెచ్చి అడ్డం పెట్టాడు. గోడ పక్క నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

ఆట సగం దాటాక మోల్డరుది పైచేయి అయింది. అతని మంత్రీ ఏనుగూ మేస్త్రి రాజు గుమ్మంలోకి వచ్చేశాయి. ఇంకొక్క ఎత్తు వేస్తే ఆట కట్టు. అయితే ఆ తొందరలో మోల్డరు తన ఇంటి సంగతి చూసుకోలేదు. అతని రాజు చివరి వరసలో, తన మూడు బంట్ల వెనకాలే, ఊపిరాడకుండా ఉన్నాడు. మేస్త్రికి అది కనపడింది. ఏనుగును ఆ చివరి వరస దాకా ఒకే ఊపున తోసి, "చెక్" అన్నాడు.

తప్పుకుందామంటే ముందు తన బంట్లే అడ్డం, పక్క గళ్ళ మీద ఏనుగు గురి. మధ్యలో పెట్టడానికి ఎవరూ అందుబాటులో లేరు. ఏనుగును చంపేవాడూ లేడు. మూడు దారులూ మూసుకుపోయాయి. గంతు లేకుండా, వాషరు లేకుండా, గెలిచేశాడు!

మోల్డరు బోర్డు మీదికి వంగి చూశాడు. చిన్నగా నవ్వాడు. అరచేత్తో బల్ల మీద టప్పున ఒక్క దెబ్బ కొట్టి, రాజును ఎత్తి, తన బంట్ల మీదుగా గుర్రంలా దూకించి అవతల పెట్టాడు.

"ఒక్కసారే," అన్నాడు.

చెప్పొద్దూ, మేస్త్రి మనసులోంచి మొదట వచ్చిన మాట "భలే దూకాడు!" అన్నదే. అంత సహజంగా ఉంది ఆ గంతు. ఆ తర్వాతే తన రాజు వైపు చూశాడు. మోల్డరు గంతు చెల్లితే, తన దగ్గర ఇక చెక్ లేదు. వచ్చే ఎత్తులో తన ఆట కట్టు; తనూ గంతేద్దామన్నా, పడే గళ్ళన్నీ అతని మంత్రీ ఏనుగుల గురిలోనే ఉన్నాయి. ఇంతవరకూ ఎరగని ఓటమి.

మధ్యవర్తి అమ్మాయి అవతలి బల్ల దగ్గరుంది. చూడలేదు. గోడ పక్క వియ్యపురాలు నోటికి పమిట అడ్డం పెట్టుకుంది.

ఏం చెయ్యాలి? రాజు దూకడు అంటే తను గెలిచినట్టు. అయితే అదే మాటతో డిపోలో గెలిచినవన్నీ ఓడిపోయినట్టు. దూకుతాడు అంటే డిపో గెలుపులు నిలబడతాయి, ఇవాళ్టిది పోతుంది. ఎటు తిప్పినా ఒక పక్క గురి ఉంది. మూడు దారుల్లో ఏదీ ఆయనకి పనికి రాలేదు. చివరికి తనకి తెలియకుండానే చెయ్యి ఎత్తాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రామ్మా."

అమ్మాయి వచ్చింది, చూసింది, చెప్పింది. "తాతగారూ, రాజు అలా దూకకూడదండీ. వెనక్కి పెట్టి వేరే ఎత్తు వెయ్యండి. లేకపోతే ఆట కట్టు."

"ఎందుకు దూకకూడదమ్మా? ఒక్కసారే కదా! మా ఫౌండ్రీలో మొదట్నుంచీ అంతే." మోల్డరు అమ్మాయిని చూశాడు, బోర్డును చూశాడు, ఆఖరికి మేస్త్రిని చూశాడు. సోమవారం సాయంత్రం తన ముఖం ఎలా ఉండి ఉంటుందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. "ఏమయ్యా, నువ్వు చెప్పు. మీ డిపోలో దూకడా?"

చుట్టుపక్కల బల్లలవాళ్ళందరూ ఇటు తిరిగారు. పెయింటరు కళ్ళు దించుకున్నాడు. దూకడు అంటే అయిపోయేది.

"దూకుతాడు," అన్నాడు మేస్త్రి.

"మరి?"

"ఇక్కడ దూకడంట."

"ఎవరన్నారు?"

"మా వియ్యపురాలు."

ఎవరో కిసుక్కుమన్నారు. మోల్డరు మాత్రం నవ్వలేదు. "ఇదెక్కడి అన్యాయమయ్యా! ఆ గంతు మాకు నేర్పిందే మీ డిపోవాళ్ళు. బ్రేకు డ్రమ్ముల కోసం మా పోత దగ్గరికి వచ్చేవాడు ఒక కుర్ర మెకానిక్కు. లోడు ఎక్కించేలోగా కూర్చుని ఆడేవాడు. మహా గొప్పలు చెప్పేవాడు."

మేస్త్రి బల్ల మీదికి వంగాడు. డ్రమ్ముల కోసం ఫౌండ్రీకి తనూ వెళ్ళేవాడు. పెయింటరు తప్ప అందరూ వంతులవారీగా వెళ్ళేవాళ్ళే. గొప్పలు మాత్రం...

"ఎలా ఉండేవాడు?" అని అడిగాడు.

"ఎలా ఉంటాడు, మసి పూసుకుని ఉండేవాడు. అక్కడ అందరమూ అలాగే ఉండేవాళ్ళం." మోల్డరు తన రాజును చేత్తో పడుకోబెట్టాడు. "సరే, నీదే ఆట. ఇప్పుడు బయటికి రా. ఇంకోటి ఆడదాం, మన ఆట."

వరండాలో బెంచీ మీద, మిగిలిన ప్లాస్టిక్ పావులతో కూర్చున్నారు. మెడలో వెయ్యడానికి ఏమీ లేక, గంతు మిగిలి ఉందన్న గుర్తుకి ఇద్దరూ తమ రాజుల పక్కన చొక్కా బొత్తాం ఒకటి తెంపి పెట్టుకున్నారు. వియ్యపురాలు కర్ర ఊనుకుంటూ వచ్చి నిలబడింది. టైర్ల బావా, పెయింటరూ వచ్చారు. లైబ్రరీ అమ్మాయి కూడా గుమ్మంలో నిలబడి చూసింది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. చెక్ పడగానే, ఎన్నాళ్ళో కట్టేసిన చెయ్యి విప్పినట్టు, బెంచీ అదిరేలా కొట్టి దూకించాడు. దూకించాక చూసుకుంటే, పడిన గడి మంచిది కాదు. దూకబోయే రాజును ముందుగా ఎక్కడ నిలబెట్టి ఉంచాలో, ఎప్పటిదాకా గంతు దాచుకోవాలో, ఈ వారం రోజుల చెక్‌లతో చెయ్యి మరిచిపోయింది. మోల్డరు తొందరపడలేదు. తన గంతు చివరిదాకా దాచుకుని, అప్పుడు కొట్టాడు టప్పున. నాలుగెత్తుల్లో మేస్త్రి ఆట కట్టు.

పెయింటరు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు, డిపో గోడ కూలినట్టు.

"తాతగారూ," అంది లైబ్రరీ అమ్మాయి, చేతిలో సుద్దముక్కతో, "మీ ఫలితం బోర్డు మీద ఏం రాయమంటారు?"

"లోపలిది రాయమ్మా. లోపల గెలిచాను," అన్నాడు మేస్త్రి. "బయటిది నువ్వు రాయక్కర్లేదు. నేనే చెప్పుకుంటా."

అన్నట్టే చెప్పుకున్నాడు. బస్సులో పక్కవాడికి చెప్పాడు. దిగాక పాలకేంద్రం దగ్గర చెప్పాడు. ఫౌండ్రీ మోల్డరు ఎలాంటి ఆటగాడో, అలాంటివాడి చేతిలో ఓడాలంటే అవతల ఎలాంటివాడు కూర్చోవాలో, చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆయన గొంతులో పాత ధాటి అలాగే ఉంది. మధ్యమధ్యలో మాత్రం ఆగిపోయి, ఎటో చూసి, మళ్ళీ అందుకునేవాడు.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "గెలిచారా?"

"గెలిచాను. ఓడాను."

"ఏదో ఒకటి చెప్పండి బాబూ."

"అన్నయ్యగారు రూలు ప్రకారం గెలిచారు వదినగారూ," అంది వియ్యపురాలు కుర్చీలో కూలబడుతూ. ఒక్క క్షణం ఆగి, "వాళ్ళ రూలు ప్రకారం ఓడారు. అదీ రూలేననుకోండి. ఏమో, నాకు కాలు నొప్పిగా ఉంది," అంది.

భార్య ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ రాజు దూకుతాడా, దూకడా?"

మేస్త్రి చెప్పులు విప్పుతూ ఆగాడు. బొత్తాం లేని చొక్కా మెడ దగ్గర తెరుచుకుని ఉంది.

"నాకు తెలీదే," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఆ ఇంట్లో వినపడటం అదే మొదలు. భార్య గాభరాగా దగ్గరికొచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి, "వదినగారూ, ఒకసారి ఈయన నాడి చూడండి," అంది.